గోడ మీది హక్కులు మంచం దాకా రాలేదు

హన్మకొండ కాలనీల్లో ఇది ఇప్పుడు మామూలు సంగతే. పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటారు. పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రిని చూసుకోవడానికి హోమ్‌కేర్ ఏజెన్సీ ఒక మనిషిని పంపుతుంది. ఆమె నర్సింగ్ చదివిందా, నాలుగు నెలల ట్రైనింగేనా, అదీ లేదా అని అడిగేవాళ్లు తక్కువ. మనిషి దొరికిందే చాలనుకుంటారు.

నిజానికి ఇంటి వైద్యం మనకు కొత్త కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి, గోడ మేకుకు సెలైన్ సీసా తగిలించి పోయేవాడు. ఏం మందు ఎక్కించాడో రాసిన చీటీ ఉండదు, రసీదూ ఉండదు. ఆ అలవాటే ఇప్పటికీ మనల్ని అడగనివ్వడం లేదనిపిస్తుంది.

అడగడానికి రోగికి హక్కులు లేక కాదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవేనని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తేల్చింది. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు డాక్టర్లకు చెప్పాయి. 2010లో వచ్చిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఆసుపత్రులు, క్లినిక్‌లు, ల్యాబుల రిజిస్ట్రేషన్ గురించి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో 17 హక్కులతో రోగుల పత్రం తయారు చేస్తే, కేంద్రం మరుసటి ఏడాది దాన్ని కొంత కుదించి అమలు చేయమని రాష్ట్రాలకు రాసింది. ఆసుపత్రుల్లో అందరికీ కనబడేలా పెట్టాలన్నారు. అంతా నాలుగు గోడల ఆసుపత్రిని మనసులో పెట్టుకుని రాసిందే.

ఇంట్లో చిక్కులు వేరు. కేర్‌టేకర్ మీద నిఘాకని కొడుకు సీసీ కెమెరా పెడతాడు. అందులో తల్లికి డైపర్ మార్చడం కూడా రికార్డవుతుంది. ఆమెను అడిగారా? ఈ ఒక్క విషయంలో తప్పు ఏజెన్సీది కాదు, మనదే.

2020లో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం కొంత దారి చూపింది. ఏజెన్సీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, ఫిర్యాదు చేసేవాళ్లు వరంగల్‌లో ఉంటే ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. డబ్బు కొడుకు కట్టినా, సేవ పొందిన తండ్రి కూడా వినియోగదారుడే. కానీ బిల్లు కావాలి. బీపీ, షుగర్, ఇచ్చిన మందులు రాసిన నోటుబుక్కు కూడా. ఏజెన్సీ మనిషి మానేసి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం ఆమె సంచిలోనే వెళ్లిపోతుంది. రోజూ పేజీకి ఒక ఫొటో తీసి పెట్టుకోండి.