పోవిస్ ఎస్టేట్ కాగితాల వెనక కథ: వేల్స్ మేనర్ల నుంచి మన జమీందారీల దాకా

2013లో ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలా ఇళ్ళకి ల్యాండ్ రిజిస్ట్రీ (భూముల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ ఆఫీసు) నుంచి ఉత్తరాలు వచ్చాయి. విషయం ఏంటంటే, మీ ఇల్లు మీదే, స్థలం మీదే, కానీ ఆ నేల కింద ఖనిజాలు ఏమైనా ఉంటే వాటి మీద హక్కు ఫలానా మేనర్ లార్డ్‌ది (మేనర్ అంటే పాతకాలపు జమీ లాంటిది, లార్డ్ దాని దొర) అని ఆయన నోటీసు పెట్టాడు, మీ టైటిల్ మీద ఎక్కించాం అని. వేల్స్‌లో ఆంగ్లెసీ దీవిలో ట్రెఫోస్ అనే మేనర్ పేరు మీద వేల మందికి ఇలాంటివే అందాయి. జనం బెంబేలెత్తిపోయారు, ఇల్లు అమ్ముడుపోతుందా, బ్యాంకు లోన్ ఇస్తుందా అని లాయర్ల చుట్టూ తిరిగారు. అసలు ఈ రోజుల్లో మేనర్ లార్డ్ అనేవాడు ఉన్నాడా అని కూడా చాలామందికి తెలీదు పాపం.

ఆ ఏడాదే ఎందుకంటే, 2002లో వచ్చిన భూ రిజిస్ట్రేషన్ చట్టం. అంతకుముందు ఈ మేనర్ హక్కులు రిజిస్టర్‌లో రాసి లేకపోయినా చెల్లేవి, కొనుక్కున్నవాడికి తెలిసినా తెలియకపోయినా ఆ స్థలం మీద ఉన్నట్టే లెక్క. కొత్త చట్టం పదేళ్ళు గడువు ఇచ్చి, 2013 అక్టోబర్ లోపు రిజిస్టర్ చేయించుకోండి, లేకపోతే ఆ తర్వాత ఆ స్థలం డబ్బుకి చేతులు మారినప్పుడు మీ హక్కు పోతుంది అంది. దాంతో లార్డ్‌లు, వాళ్ళ ఎస్టేట్ ఆఫీసులు, పాత బిరుదులు కొనుక్కున్నవాళ్ళు అందరూ ఒక్కసారే పాత కాగితాల మీద పడ్డారు.

ఏం కాగితాలు అవి? ఇక్కడే అసలు కథ ఉంది, ఒక ఎస్టేట్‌ని పట్టుకుని చెప్తే బాగా అర్థమవుతుంది. నేను పోవిస్ ఎస్టేట్ తీసుకుంటున్నా, ఎందుకంటే మధ్య వేల్స్‌లో మేనర్ల చరిత్ర మొత్తం దాన్లో కనిపిస్తుంది, ఇంకోటి, మన సర్కారు జిల్లాల జమీందారీలకి ఆ కుటుంబానికి నేరుగా సంబంధం ఉంది. అది చివర్లో.

పోవిస్ కోట వెల్ష్‌పూల్ ఊరి పక్కన గుట్ట మీద ఉంటుంది, ఎర్ర రాయితో కట్టింది. 13వ శతాబ్దంలో పోవిస్ ప్రాంతాన్ని ఏలిన వెల్ష్ రాజుల కోట. మిగతా వెల్ష్ రాజులు ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్‌తో పోరాడితే వీళ్ళు ఎడ్వర్డ్ పక్షాన నిలబడ్డారు, అందుకే 1282-83లో వేల్స్ మొత్తం చేజారిపోయాక కూడా వీళ్ళ భూమి వీళ్ళకే మిగిలింది, కాకపోతే రాజులు కాస్తా ఇంగ్లండ్ రాజు కింద బారన్లు అయ్యారు. 1309లో వారసురాలు హావిస్‌కి జాన్ చార్ల్టన్ అనే ఇంగ్లీషు ఆయనతో పెళ్ళయింది, ఆస్తి అటు వెళ్ళింది, 1421 తర్వాత గ్రే కుటుంబానికి, 1587లో ఎడ్వర్డ్ హెర్బర్ట్ కొనుక్కున్నాడు. అప్పట్నుంచి హెర్బర్ట్‌లు.

ఇంగ్లండ్‌లో మేనర్ అంటే మామూలుగా ఒక ఊరు, ఒక పెద్ద బంగళా, కౌలుదార్లు. వేల్స్‌లో అలా కాదు. అక్కడ పాత వెల్ష్ పాలనలో ఉన్న కూముద్ అనే విభాగాలు ఉండేవి, మన పరగణా లాంటివి, వాటినే తర్వాత మేనర్లు అని పిలవడం మొదలుపెట్టారు. పోవిస్ ఎస్టేట్ కింద కైరైనియన్, మెఖైన్, మోఖ్నాంట్ లాంటి మేనర్లన్నీ అలా వచ్చినవే. అంటే ఒక్కో మేనర్‌లో కొండలకి కొండలు, బీడు భూములు, పదుల కొద్దీ పల్లెలు ఉంటాయి. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మేనర్ అంత పెద్దది కాబట్టే లార్డ్‌కి సాగులో లేని కొండ భూమి మీద అంత పట్టు వచ్చింది.

మేనర్ కోర్టు అని ఒకటి జరిగేది. లార్డ్ తరఫున స్టీవార్డ్ అనే ఉద్యోగి కూర్చుంటాడు, జ్యూరీగా ఊళ్ళోవాళ్ళే ఉంటారు, ఎవరు చనిపోయారు, ఎవరి భూమి ఎవరికి వెళ్ళింది, ఎవరు శిస్తు ఎగ్గొట్టారు, ఎవరి పశువులు ఎక్కడ పడ్డాయి, ఇవన్నీ రాస్తారు. ఆ రాతలే కోర్టు రోల్స్. వీటితో పాటు శిస్తు జాబితాలు, సర్వేలు, సరిహద్దుల వెంబడి నడిచి రాసుకున్న హద్దుల చిట్టాలు. రైతు చచ్చిపోతే అతని పశువుల్లో మంచిదాన్ని లార్డ్ తోలుకుపోయే హక్కు ఒకటి ఉండేది, హెరియట్ అంటారు. ఇంట్లో మనిషి పోయిన దుఃఖంలో ఉంటే ఉన్న ఒక్క మంచి ఎద్దునీ దొర మనుషులు విప్పుకుపోతారు, కోర్టు రోల్‌లో దానికి ఒక్క లైను. వెల్ష్ ప్రాంతాల్లో మధ్యయుగంలో ఆడపిల్ల పెళ్ళికి కూడా లార్డ్‌కి ఫీజు కట్టాలి, అమోబ్ర్ అని. ఇవన్నీ ఏ భాషలో రాసేవాళ్ళు? జనం మాట్లాడేది వెల్ష్, రికార్డు లాటిన్‌లో, 1733 తర్వాత చట్టం మారి ఇంగ్లీషులో. తన భూమి గురించి ఏం రాశారో చదువుకోలేని మనిషి సాక్ష్యం చెప్తాడు, స్టీవార్డ్ రాసుకుంటాడు. మనకి ఇందులో కొత్తేముంది, ఫారసీ దస్తావేజుల కాలం నుంచి చూస్తున్నదే.

నాకు బాగా ఆసక్తిగా అనిపించేది ఆక్రమణల గొడవ. వేల్స్‌లో జనం నమ్మకం ఒకటి ఉండేది, బీడు భూమిలో పొద్దుగూకాక ఇల్లు మొదలుపెట్టి తెల్లారేసరికి పైకప్పు వేసి పొయ్యి పొగ బయటికి పంపిస్తే ఆ ఇల్లు వాళ్ళదే అయిపోతుందని. టీ ఇన్నోస్ అంటారు, రాత్రికి రాత్రి కట్టిన ఇల్లు. చుట్టాలు, పక్కోళ్ళు అందరూ కలిసి మట్టిగడ్డలు, కర్రలు ముందే రెడీ చేసి పెట్టుకుని ఒక్క రాత్రిలో లేపేవాళ్ళు. చట్టం దీన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. కానీ లార్డ్ మనుషులు ప్రతీసారీ కూల్చలేదు కూడా, అంతకంటే తెలివైన పని చేశారు. మేనర్ కోర్టులో ఫలానావాడు బీడులో గుడిసె వేశాడని రాసి ఏడాదికి కొన్ని పెన్నీలు జరిమానా వేస్తారు. వాడు కడతాడు. మళ్ళీ ఏడాది మళ్ళీ అంతే. కొన్నేళ్ళు పోయాక చూస్తే అది జరిమానా కాదు, అద్దె. అద్దె కట్టాడంటే భూమి లార్డ్‌దని ఒప్పుకున్నట్టే కదా, రికార్డులో సాక్ష్యం కూర్చుంది. పెన్నీల కోసం కాదు ఆ జరిమానా, ఆ లైను కోసం.

తర్వాత 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో ఎన్‌క్లోజర్ చట్టాలు వచ్చి ఉమ్మడి బీడు భూముల్ని పంచేశారు. చాలా చట్టాల్లో ఉన్న రూలు ప్రకారం 20 ఏళ్ళ పైబడిన ఆక్రమణ అయితే ఉన్నవాడికి వదిలేస్తారు, అంతకంటే కొత్తదైతే బీడులో కలిపేసి పంపకానికి పెడతారు. మరి ఎన్నేళ్ళదో ఎలా తెలుస్తుంది? లార్డ్ దగ్గరున్న కోర్టు రోల్సే చాలాసార్లు ఆధారం. పేదవాడి దగ్గర కాగితం లేదు, నోటి మాట తప్ప. పంపకంలో లార్డ్‌కి ఒక వాటా, అదీ కాక చాలా చోట్ల పై భూమి రైతుకిచ్చి కింద ఖనిజాలు మాత్రం లార్డ్‌కే ఉంచారు. 2013లో ఉత్తరాలు అందుకున్న ఇళ్ళలో చాలావాటి కింద ఉన్న చిక్కుకి మూలం ఇలాంటి పాత పంపకాలూ, పాత మేనర్ కోర్టు కాగితాలూనే.

ఖనిజాలకి ఎందుకంత పట్టుదల అంటే పోవిస్ కుటుంబాన్నే చూడండి. హెర్బర్ట్‌లు కేథలిక్కులు. 1644లో, రాజుకీ పార్లమెంటుకీ జరిగిన అంతర్యుద్ధంలో, పార్లమెంటు సైన్యం కోట పట్టుకుంది. తర్వాత తేరుకుని 1687లో మార్క్విస్ అనే పెద్ద బిరుదు దాకా ఎదిగారు (ఎర్ల్ అనేది దానికింద ఇంకో బిరుదు), వెంటనే 1688 విప్లవంలో కేథలిక్ రాజు జేమ్స్ పారిపోతే ఆయన వెంట ఫ్రాన్స్ పోయారు, ఎస్టేట్‌ని కొత్త రాజు విలియం తన డచ్ బంధువు రోచ్‌ఫర్డ్ ఎర్ల్‌కి ఇచ్చేశాడు, మళ్ళీ హెర్బర్ట్‌ల చేతికి పూర్తిగా వచ్చేసరికి 1722 అయింది. ఈ గందరగోళం మధ్యలో 1692లో లాంగనోగ్ దగ్గర సీసం గని బయటపడింది. దానికి తోడు 1693లో చట్టం మారింది, అంతకుముందు సీసంలో వెండి కలిసి ఉంటే గని రాజుది అనే వాదన ఉండేది, ఇప్పుడు భూమి యజమానే తవ్వుకోవచ్చు, రాజు కావాలంటే నిర్ణయించిన ధరకి ఖనిజం కొనుక్కోవచ్చు అంతే. తర్వాతి దశాబ్దాల్లో ఆ సీసం డబ్బే ఎస్టేట్‌ని నిలబెట్టింది. మేనర్ హద్దు ఏ కొండ మీదుగా పోతుందనేది అప్పుడు మాటల గొడవ కాదు, రొక్కం.

ఇక క్లైవ్‌లు. ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ క్లైవ్ ఊరు ఆ పక్కనే, ష్రాప్‌షైర్. ఇండియా నుంచి తెచ్చిన డబ్బుతో 1763లో వాల్కట్ ఎస్టేట్, 1771లో ఓక్లీ పార్క్ కొన్నాడు, ఆ రెండోది అమ్మింది పోవిస్ ఎర్లే. పోవిస్ వాళ్ళకి పేరు ఉంది, డబ్బు లేదు, అప్పులు ఉన్నాయి. క్లైవ్‌లకి డబ్బు ఉంది, వంశం పేరు లేదు. 1784లో క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్, పోవిస్ ఆడపడుచు హెన్రియెట్టా హెర్బర్ట్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ అన్న 1801లో పెళ్ళి కాకుండానే పోయాడు, ఆస్తి ఇటు వచ్చింది, 1804లో ఎడ్వర్డ్ క్లైవ్‌ని పోవిస్ ఎర్ల్ చేశారు. 1807లో పెద్దకొడుకు ఇంటిపేరు హెర్బర్ట్‌గా మార్చుకున్నాడు. మన డబ్బు వేల్స్ మేనర్లలో కలిసిపోయింది, పేరు కూడా మారిపోయింది.

ఈ ఎడ్వర్డ్ క్లైవ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నర్. ఉత్తర సర్కార్లకి, అంటే మన సర్కారు జిల్లాలకి, 1765లో మొగల్ బాదుషా షా ఆలం దగ్గర ఫర్మానా (ఉత్తర్వు) తెచ్చింది తండ్రి, అక్కడ శాశ్వత శిస్తు ఒప్పందం పెట్టింది కొడుకు గవర్నర్‌గా ఉన్నప్పుడు. 1799లో టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం పడింది, 1800లో నిజాం కడప, అనంతపురం, బళ్ళారి వైపు జిల్లాలు కంపెనీకి ఇచ్చేశాడు, 1802లో రెగ్యులేషన్లు వరసగా వచ్చాయి. వాటిలో 25వది జమీందారుకి సనదు (హక్కు పత్రం) ఇచ్చి పేష్కషు (సర్కారుకి కట్టే శిస్తు) శాశ్వతంగా ఖాయం చేసింది. హవేలీ భూముల్ని, అంటే సర్కారు చేతిలో ఉన్నవాటిని, ముఠాలు అనే చిన్న ఎస్టేట్లుగా కోసి వేలం వేశారు. అందరూ ఈ 25 గురించే మాట్లాడతారు గానీ నా దృష్టిలో 29, 30 కూడా అంతే ముఖ్యం. 29వది కరణాల గురించి, ఊరి లెక్కలు ఎవరు ఎలా రాయాలి అని. 30వది పట్టాల గురించి. భూమి మీద అధికారం అంటే ముందు దాని రాత మీద అధికారం అని పాలించేవాళ్ళకి బాగా తెలుసు, అక్కడ స్టీవార్డ్, ఇక్కడ కరణం. అయితే ఇదంతా వేల్స్ మేనర్లని చూసి కాపీ కొట్టారని అనను, ఒత్తిడి కలకత్తా నుంచి, నమూనా 1793 బెంగాల్ ఒప్పందం నుంచి వచ్చింది. గవర్నర్ గారికి మాత్రం రెండు వైపులా లాభం, ఒక చోట సనదులు ఇచ్చాడు, ఇంకో చోట తానే దొర అయ్యాడు.

పోవిస్ కోటకి వెళ్ళేవాళ్ళు ఇప్పుడు చూసేది టిప్పు సుల్తాన్ గుడారం, ఆయన సింహాసనం మీది బంగారు పులి తల, అలాంటివి. 1952లో కోట నేషనల్ ట్రస్ట్‌కి (పాత కట్టడాల్ని కాపాడే సంస్థ) వెళ్ళింది, 2020లో ట్రస్ట్ తన ఇళ్ళకి వలస పాలనతో ఉన్న సంబంధాల మీద రిపోర్టు ఇస్తే అందులో పోవిస్ కూడా ఉంది, బ్రిటన్‌లో పెద్ద రచ్చ అయింది. వస్తువుల గురించి అంత చర్చ జరిగి భూమి కాగితాల గురించి అంతగా జరగకపోవడం నాకు కొంచెం విడ్డూరంగా ఉంటుంది, పులి తల అద్దాల పెట్టెలో ఉంది, కాగితం ఇంకా పని చేస్తోంది.

ఎందుకు పని చేస్తోందంటే, 1922లో చట్టం చేసి 1926 జనవరి 1 నుంచి మేనర్ కింద కాపీహోల్డ్ అనే పాత కౌలు పద్ధతిని ఎత్తేశారు, రైతు పూర్తి యజమాని అయ్యాడు. కానీ ఖనిజాలు, వేట, సంతలు జరుపుకునే హక్కు, ఇవి లార్డ్‌కే ఉండిపోతాయని అదే చట్టంలో రాశారు. కాపీహోల్డ్ పోయింది కాబట్టి రోల్స్ ఎవరైనా చింపి పారేస్తారేమో, రేపు రైతు తన హక్కు ఎలా చూపిస్తాడు అని వాటికి చట్టరక్షణ ఇచ్చి మాస్టర్ ఆఫ్ ది రోల్స్ అనే పెద్ద జడ్జి పర్యవేక్షణలో పెట్టారు, ఏ మేనర్ కాగితాలు ఎక్కడున్నాయో ఒక రిజిస్టర్ కూడా మొదలైంది. ఆయన అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. కోర్టు రోల్స్, సర్వేలు, హద్దుల పుస్తకాలు ఈ రక్షణలోకి వస్తాయి, అమ్మకపు దస్తావేజులు రావు. రైతు కోసం దాచిన కాగితాలు 2013లో లార్డ్‌కి పనికొచ్చాయి.

మన దగ్గర 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వేరే దారిలో వెళ్ళింది. 3వ సెక్షన్ చదవండి, బంజర్లు, పోరంబోకులు, అడవులు, చెరువులు, గనులు, క్వారీలు అన్నీ ప్రభుత్వానికి వెళ్తాయని పేరుపేరునా రాశారు, జమీందారుకి పరిహారం ఇచ్చారు గానీ నేల కింద వాటా మిగల్చలేదు. విజయనగరంలోనో పిఠాపురంలోనో ఇల్లు కట్టుకున్నవాడికి పాత జమీందారు వారసుడి నుంచి ఖనిజాల నోటీసు రాకపోవడానికి కారణం అదే. బ్రిటన్‌లో 2015 జనవరిలో పార్లమెంటు జస్టిస్ కమిటీ ఈ మేనర్ హక్కుల మీద రిపోర్టు ఇచ్చి, లా కమిషన్‌తో (చట్టాల్లో మార్పులు సూచించే సంస్థ) స్టడీ చేయించండి అంది. రిజిస్టర్ అయిన హక్కులు రిజిస్టర్‌లోనే ఉన్నాయి.

పోవిస్ ఎస్టేట్ రికార్డులు అబరిస్ట్‌విత్‌లో నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్‌లో ఉన్నాయి, క్లైవ్ కాగితాలు కొన్ని అక్కడ, కొన్ని లండన్ బ్రిటిష్ లైబ్రరీలో. మేనర్ రిజిస్టర్‌లో వేల్స్ భాగం ఆన్‌లైన్‌లోనే వెతకొచ్చు. 1802 నాటి మన వైపు కథ కావాలంటే చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌కి పోవాలి, మద్రాసు రెవెన్యూ బోర్డు రికార్డులు అక్కడే ఉన్నాయి.