పొద్దుతిరుగుడు జన్యువు గోధుమలోకి ఎందుకొచ్చింది?

తిరుపతిలో రాత్రయితే ఏ సందు మొగదల చూసినా చపాతీ పెనం వేడెక్కుతూ ఉంటుంది, కానీ ఆ గోధుమ మన వైపు పండదు. అందుకే గోధుమలో జన్యుమార్పిడి అనగానే మా ఊళ్లో 'అది పంజాబు వాళ్ల సంగతి, మనకెందుకన్నా' అంటారు. చెనక్కాయ వేసే మనకే దాంతో ఎక్కువ పని ఉందని నేను గట్టిగా నమ్ముతున్నా.

గోధుమ దిగుబడి మొదట పెరిగింది మామూలు సంకరంతోనే, అంటే రెండు రకాలను కలిపి కొత్తది తీయడంతోనే. పాత రకాలు బాగా ఎత్తు పెరిగేవి, ఎరువు కాస్త ఎక్కువేస్తే వెన్ను బరువుకి పడిపోయేవి. 1935లో జపాన్‌లో విడుదలైన నోరిన్ 10 అనే పొట్టి గోధుమ అమెరికా మీదుగా మెక్సికోలో శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ చేతికి చేరింది, దాంతో సంకరం చేసి ఆయన తీసిన రకాల విత్తనాన్నే 1966లో మన దేశం 18,000 టన్నులు తెప్పించుకుంది. మొక్కను పొడవు పెంచే జిబ్బరెల్లిన్ హార్మోను మాట వినకుండా చేసే జన్యువే ఆ పొట్టితనానికి కారణమని 1999లో గానీ తేలలేదు.

బయటి జన్యువును గోధుమలో ఎక్కించడం 1992లో కుదిరింది. గోధుమలో ముందే ఉన్న జన్యువును ఆపడం మాత్రం అంత తేలిక కాదు: మూడు గడ్డిజాతులు కలిసి పుట్టిన పంట కావడంతో చాలా జన్యువులకు మూడేసి కాపీలుంటాయి, ఒకదాన్ని ఆపితే మిగతా రెండూ పని కానిచ్చేస్తాయి. కలుపుమందును తట్టుకునే గోధుమను అమెరికా విత్తన కంపెనీ మోన్‌శాంటో తయారుచేసింది గానీ, కొనే దేశాలు వద్దంటాయన్న భయంతో 2004లో పక్కన పెట్టేసింది.

అసలు మలుపు అర్జెంటీనాలో వచ్చింది. అక్కడ శాస్త్రవేత్త రాకెల్ చాన్ బృందం గుర్తించిన పొద్దుతిరుగుడు జన్యువుతో హెచ్‌బీ4 గోధుమ తయారైంది. బెట్టకొస్తే మొక్క తొందరగా ముసలిదైపోయి ఆకులు పండిపోతాయి కదా, ఈ జన్యువు ఆ తొందరను ఆపుతుంది. అక్కడి ప్రభుత్వం 2020లో అనుమతిచ్చినా, తమ గోధుమ బాగా కొనే బ్రెజిల్ సరేననేదాకా ఆగి 2022లో సాగుకు వదిలారు. వాన పడని ఏడాదే దీని అసలు పని.

ఆ పడని ఏడాది మనకు కొత్తా? చెనక్కాయకు ఊడలు దిగే టైములో వాన మొహం చాటేస్తే చెట్టు పీకి చూసినప్పుడు నాలుగు కాయలు, వాటిలో రెండు తాలు, మట్టి దులిపి చేతిలో పట్టుకుంటే ఏడుపొస్తుంది. బెట్టను తట్టుకునే ధరణి అనే చెనక్కాయ రకాన్ని తిరుపతి పరిశోధన స్థానమే ఇచ్చింది, అదీ సంకరంతోనే. దేశంలో సాగుకు వదిలిన జన్యుమార్పిడి పంట ఇప్పటికీ పత్తి ఒక్కటే.