విశ్వం భవితవ్యంపై అంచనాలు ఎందుకు మారుతూ వచ్చాయి

2025 మార్చిలో, అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో కిట్ పీక్ కొండ మీద పనిచేస్తున్న డెసీ, అంటే డార్క్ ఎనర్జీ స్పెక్ట్రోస్కోపిక్ ఇన్‌స్ట్రుమెంట్, బృందం తన రెండో విడత ఫలితాలను వెల్లడించింది. దాదాపు కోటిన్నర గెలాక్సీలు, క్వేజార్ల (అత్యంత ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాల) స్థానాలను కొలిచి గీసిన ఆ విశ్వపటాన్ని ఇతర పరిశీలనలతో కలిపి చూస్తే, విశ్వ వ్యాకోచాన్ని వేగవంతం చేస్తున్న కృష్ణశక్తి, అంటే డార్క్ ఎనర్జీ, ఎప్పుడూ ఒకే బలంతో ఉండక కాలం గడిచేకొద్దీ నీరసిస్తూ ఉండవచ్చునని తేలింది. ఇలాంటి వార్త మన దాకా చేరేసరికి విశ్వం కుంచించుకుపోయి అంతమైపోతుందన్న మాటగా మారడం కొత్త కాదు. 2008 సెప్టెంబరులో జెనీవా దగ్గర భూగర్భంలో లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌ను ప్రారంభించినప్పుడు, 2012 డిసెంబరులో మాయన్ల కాలగణన పేరిట యుగాంతం వదంతి లేచినప్పుడు మన ఇళ్లలో పిల్లలు ఎంత భయపడ్డారో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఇంటర్‌లో భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థి ఈ వార్త విని, శాస్త్రవేత్తలు మొన్న ఒకటి చెప్పి ఇవాళ మరొకటి చెబుతున్నారు, దేన్ని నమ్మాలి అని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు గత నూరేళ్ల చరిత్రలో ఉంది. ఆ చరిత్రను దగ్గరగా పరిశీలిస్తే, విశ్వం భవితవ్యంపై అంచనా మారిన సందర్భాల్లో చాలావాటి వెనుక ఎవరో ఒకరు దూరాన్ని మునుపటికన్నా మెరుగ్గా కొలవడం కనిపిస్తుంది.

కాలం ఆద్యంతాల గురించి ఆలోచించడం మనకు పరాయి విషయం కాదు. ఇంట్లో ఏ వ్రతం జరిగినా పురోహితుడు చెప్పించే సంకల్పంలో శ్వేతవరాహకల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం వరుసగా వినిపిస్తాయి. పురాణ గణన ప్రకారం ఒక కల్పం 432 కోట్ల సంవత్సరాలు. అంత పెద్ద కాలాన్ని ఊహించగలిగిన మనసును గౌరవించవలసిందే. అయితే ఆ సంఖ్య ఆకాశాన్ని కొలిచి రాబట్టినది కాదు కనుక, దాన్ని తెచ్చి ఆధునిక విశ్వశాస్త్రం పక్కన నిలబెట్టడం రెండింటికీ మేలు చేయదు. ఐరోపాలో కూడా 1850ల్లో భౌతిక శాస్త్రవేత్తలు కెల్విన్, హెల్మ్‌హోల్ట్జ్ ఉష్ణగతిక నియమాల ఆధారంగా, విశ్వంలోని వేడి అంతా సమంగా పరుచుకుపోయి ఏ మార్పూ జరగని స్థితి వస్తుందని వాదించారు. అది తర్కబద్ధమైన వాదనే, కానీ విశ్వం ఎంత పెద్దదో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆధునిక కథ 1917లో మొదలవుతుంది. ఐన్‌స్టీన్ తన సాధారణ సాపేక్షతా సిద్ధాంతాన్ని మొత్తం విశ్వానికి అన్వయించబోయినప్పుడు, ఆ సమీకరణాలు విశ్వాన్ని నిశ్చలంగా ఉండనివ్వలేదు. గురుత్వాకర్షణ అన్నింటినీ లోపలికి లాగేస్తుంది కనుక, దానికి ఎదురు నిలిచేందుకు ఆయన విశ్వ స్థిరాంకం అనే పదాన్ని సమీకరణంలో చేర్చారు. రష్యాలో అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ 1922లో, బెల్జియంలో జార్జ్ లెమేత్ర్ 1927లో, విశ్వం వ్యాకోచించడానికి సమీకరణాల్లో ఏ అడ్డంకీ లేదని విడివిడిగా చూపారు. ఫ్రీడ్‌మన్ లెక్కల నుంచే తర్వాతి డెబ్భై ఏళ్లపాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచిన మూడు దారులు వచ్చాయి: విశ్వంలో పదార్థం ఎక్కువైతే వ్యాకోచం ఆగి వెనక్కి తిరుగుతుంది, తక్కువైతే శాశ్వతంగా సాగుతుంది, సరిగ్గా హద్దు మీద ఉంటే వేగం తగ్గుతూ తగ్గుతూ సున్నాకు చేరువవుతుంది. ఆ మూడింటిలో మనది ఏదో తేల్చాలంటే గెలాక్సీల దూరాలు తెలియాలి.

దూరాలకు మొదటి తాళంచెవిని హార్వర్డ్ వేధశాలలో ఫొటో ఫలకాలను పరిశీలించే ఉద్యోగిని హెన్రియెటా లీవిట్ అందించింది. వెలుగు క్రమం తప్పకుండా పెరిగి తగ్గే సెఫీడ్ తారలు ఎంత నిదానంగా వెలిగి మసకబారితే వాటి అసలు కాంతి అంత ఎక్కువని ఆమె 1912 నాటికి స్థిరపరచింది. అసలు కాంతి తెలిసి, కంటికి కనిపించే కాంతీ తెలిస్తే దూరం లెక్కకట్టవచ్చు. 1923లో మౌంట్ విల్సన్ మీది వంద అంగుళాల టెలిస్కోప్‌తో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్‌ను గుర్తించి, అది మన పాలపుంతకు చాలా ఆవల ఉన్న మరో గెలాక్సీ అని నిరూపించారు. అంతకుముందే వెస్టో స్లైఫర్ కొలిచిన గెలాక్సీల వేగాలను, హ్యూమాసన్ సేకరించిన కొత్త వర్ణపటాలను తన దూరాలతో జోడించి, ఎంత దూరాన ఉన్న గెలాక్సీ అంత వేగంగా మనకు దూరమవుతోందని 1929లో ప్రకటించారు.

ఇక్కడ దూరమంటే గతం కూడా. చలికాలపు రాత్రి ఓరియన్ మండలంలో నీలిగా మెరిసే రైగెల్ తార మనకు సుమారు 860 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కనుక, ఈనాడు హనుమకొండలో నిలబడి చూసేవారి కంటిని చేరే ఆ వెలుగు, 1163లో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించిన కాలానికి అటూ ఇటూగా బయలుదేరినదే. దూరపు గెలాక్సీల విషయంలో ఆ ప్రయాణం కోట్ల ఏళ్లు.

హబుల్ నియమం వెంటనే ఒక పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది, దీన్ని మన ప్రాంతం వారు ప్రత్యేకంగా గమనించాలి. గెలాక్సీలు ఎంత వేగంతో విడిపోతున్నాయో తెలిస్తే, అవన్నీ ఒక్కచోట ఉన్న కాలానికి వెనక్కి లెక్కించవచ్చు. హబుల్ కొలిచిన వ్యాకోచ రేటు మెగాపార్సెక్‌కు, అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలకు, సెకనుకు దాదాపు 500 కిలోమీటర్లు. ఆ లెక్కన విశ్వం వయసు 200 కోట్ల ఏళ్లకు మించదు. హైదరాబాద్ నుంచి వరంగల్, కరీంనగర్ దాకా పరచుకున్న గ్రానైట్ శిలల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని తర్వాతి కాలంలో తేలింది. హనుమకొండ పద్మాక్షి గుట్ట, ఖిలా వరంగల్‌లోని ఏకశిల గుట్ట ఆ శిలా సమూహంలోనివే. అంటే విశ్వం వరంగల్ గుట్టల కన్నా వయసులో చిన్నదన్నమాట. ఇది జరిగే పని కాదు. రేడియోధార్మికత ఆధారంగా ఇతర దేశాల శిలల వయసు లెక్కిస్తున్న భూగర్భ శాస్త్రవేత్తలు 1930ల నుంచే ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపుతూ వచ్చారు.

తప్పు శిలల లెక్కలో లేదు, దూరాల లెక్కలో ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో శత్రుదాడుల భయంతో లాస్ ఏంజెలెస్ నగరంలో దీపాలు ఆర్పేయడం వల్ల మౌంట్ విల్సన్ మీద ఆకాశం మునుపెన్నడూ లేనంత చీకటిగా మారింది. జర్మనీ నుంచి వచ్చిన వాల్టర్ బాడే ఆ అవకాశాన్ని వినియోగించుకుని ఆండ్రోమెడా తారలను రెండు జాతులుగా విడదీయగలిగారు. సెఫీడ్‌లలోనూ రెండు రకాలున్నాయని, వాటిని ఒకటిగా భావించడం వల్ల దూరాలన్నీ సగానికి తగ్గిపోయాయని ఆయన 1952లో వివరించారు. దూరాలు రెట్టింపు కాగానే విశ్వం వయసూ రెట్టింపయింది. తర్వాతి దశాబ్దాల దిద్దుబాట్లతో అది నేడు 1,380 కోట్ల ఏళ్ల దగ్గర స్థిరపడింది.

ఆ వయసు చిక్కు తేలకముందు, 1948లో, ఫ్రెడ్ హోయల్, హెర్మన్ బాండీ, థామస్ గోల్డ్ స్థిరస్థితి సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. విశ్వానికి పుట్టుక, అంతం రెండూ లేవని, వ్యాకోచంలో ఏర్పడే ఖాళీని కొత్త పదార్థం నింపుతూ ఉంటుందని వారి వాదన. మన దేశానికి చెందిన జయంత్ నార్లీకర్ కేంబ్రిడ్జ్‌లో హోయల్ శిష్యుడిగా ఈ దారిలోకి వచ్చి, 2025 మే నెలలో కన్నుమూసే వరకు, విశ్వం అతి వేడి, అతి సాంద్ర స్థితి నుంచి మొదలైందనే మహావిస్ఫోట సిద్ధాంతాన్ని ప్రశ్నిస్తూనే ఉన్నారు. పుణేలో ఐయూకా పరిశోధన సంస్థకు తొలి సంచాలకులుగా, తనతో ఏకీభవించని తరాన్ని కూడా ఆయన ప్రేమగా తయారుచేశారు. 1965లో పెంజియాస్, విల్సన్ ఆకాశం నలుమూలల నుంచీ వస్తున్న, విశ్వం తొలినాళ్ల వేడికి మిగిలిన గుర్తయిన సూక్ష్మతరంగ నేపథ్య వికిరణాన్ని ప్రకటించాక అత్యధికులు స్థిరస్థితి సిద్ధాంతాన్ని వదిలేశారు. సాక్ష్యం దృష్ట్యా అదే సరైన నిర్ణయం. అయినా గట్టి ప్రతివాది ఉండడం వల్లే మహావిస్ఫోట సిద్ధాంతం తన లెక్కలను అంత జాగ్రత్తగా సరిచూసుకోవలసి వచ్చిందన్నది మరువరాని విషయం. అదే కాలంలో కోల్‌కతాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో రాసిన సమీకరణం, పదార్థం అనంత సాంద్రతకు చేరే బిందువులు తప్పవని తర్వాత పెన్రోజ్, హాకింగ్ నిరూపించిన సిద్ధాంతాలకు పునాది అయింది.

పుట్టుక ప్రశ్న కొంత తేలింది కానీ ముగింపు ప్రశ్న అలాగే మిగిలింది. విశ్వశాస్త్రమంటే రెండు సంఖ్యల వేట అని ఆలన్ శాండేజ్ 1970లో రాశారు: ఒకటి వ్యాకోచ రేటు, రెండోది ఆ రేటు ఎంతగా తగ్గుతున్నదన్నది. తగ్గుతున్నదన్న విషయంలో పెద్దగా ఎవరికీ అనుమానం లేదు. 1933లో జ్విక్కీ, 1970ల్లో వెరా రూబిన్, కంటికి కనిపించక గురుత్వాకర్షణ ద్వారానే తెలిసే కృష్ణ పదార్థం, అంటే డార్క్ మ్యాటర్, ఉనికిని సూచించాక గురుత్వాకర్షణ లాగుడు ఇంకా ఎక్కువే ఉంటుందని తోచింది.

ఆ రెండో సంఖ్యను కొలవడానికి సెఫీడ్‌లు చాలవు, అంతకన్నా వేల రెట్లు ప్రకాశవంతమైన దీపం కావాలి. ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన శ్వేతకుబ్జ తార ద్రవ్యరాశి సూర్యుడి ద్రవ్యరాశికి 1.4 రెట్ల హద్దును చేరుకున్నప్పుడు పేలిపోతుందని, అలాంటి పేలుళ్ల అసలు కాంతిని సరిదిద్ది పోల్చవచ్చునని ఖగోళ శాస్త్రజ్ఞులు గ్రహించారు. ఆ హద్దును 1930లో ఇంగ్లండుకు ఓడలో వెళుతూ 19 ఏళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్కించారు. సాల్ పెర్ల్‌ముటర్ నాయకత్వంలో ఒక బృందం, బ్రయన్ ష్మిట్, ఆడమ్ రీస్ ఉన్న మరో బృందం పోటీపడి ఈ పేలుళ్లను, అంటే సూపర్నోవాలను, వెతికాయి. వ్యాకోచం ఎంత మందగించిందో కొలుద్దామని బయలుదేరిన రెండు బృందాలకూ 1998లో దానికి పూర్తిగా వ్యతిరేకమైన ఫలితం వచ్చింది. దూరపు సూపర్నోవాలు ఊహించిన దానికన్నా మసకగా, అంటే మరింత దూరంగా ఉన్నాయి. వ్యాకోచం మందగించడం లేదు, గత ఐదారు వందల కోట్ల ఏళ్లుగా వేగం పుంజుకుంటోంది. ముగ్గురికీ 2011లో నోబెల్ బహుమతి లభించింది. 1995లో మరణించిన చంద్రశేఖర్ తన లెక్క ఇంత దూరం వచ్చిందని చూడలేకపోయారన్నది ఈ చరిత్రలో మనసును కలచే విషయం.

అలా ఫ్రీడ్‌మన్ మూడు దారులూ చాలకుండా పోయాయి. ఐన్‌స్టీన్ ఉపసంహరించుకున్న స్థిరాంకమే కృష్ణశక్తి రూపంలో తిరిగి వచ్చింది. నేటి లెక్కల ప్రకారం విశ్వంలో మనకు తెలిసిన పదార్థం సుమారు 5 శాతం, కృష్ణ పదార్థం 27 శాతం, కృష్ణశక్తి 68 శాతం. ఆ శక్తి మారకుండా ఇలాగే ఉంటే, దూరపు గెలాక్సీలు ఒక్కొక్కటిగా మన చూపు చేరలేనంత దూరం వెళ్లిపోతాయి, లక్షల కోట్ల ఏళ్ల తర్వాత చిట్టచివరి తారలు కూడా చల్లారిపోతాయి. సూర్యుడి ఇంధనం 500 కోట్ల ఏళ్లలోనే అయిపోతుంది కనుక భూమి భవిష్యత్తుకూ ఈ చర్చకూ సంబంధం లేదు.

డెసీ తెచ్చిన కొత్త ప్రశ్న ఈ "మారకుండా" అన్న మాట మీదనే. శిశు విశ్వంలోని వేడి ద్రవంలో పాకిన ధ్వని తరంగాలు గెలాక్సీల అమరికలో సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల నిడివి గల గుర్తును వదిలాయి. ఆ కొలబద్దను వేర్వేరు కాలాల్లో చూస్తే ఆయా కాలాల్లో వ్యాకోచం ఎలా సాగిందో తెలుస్తుంది. అయిదు వేల ఆప్టికల్ ఫైబర్లతో ఒకేసారి అయిదు వేల వెలుగులను పట్టే పరికరం డెసీ. మన దేశం నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ఇందులో భాగస్వామి. ఈ కొలతలను సూపర్నోవాలు, నేపథ్య వికిరణంతో కలిపినప్పుడు కృష్ణశక్తి మారుతోందన్న సూచన, ఏ సూపర్నోవా పట్టికను వాడారన్నదాన్ని బట్టి, గణాంక నిశ్చయతకు కొలమానమైన సిగ్మాల్లో చెబితే 2.8 నుంచి 4.2 మధ్య వచ్చింది. యాదృచ్ఛికంగా అలా కనిపించే అవకాశం 35 లక్షల్లో ఒకటికి తగ్గితే గాని, అంటే 5 సిగ్మాలు దాటితే గాని, భౌతికశాస్త్రం దాన్ని ఆవిష్కరణగా అంగీకరించదు. కృష్ణశక్తి నీరసించినంత మాత్రాన విశ్వం కుంచించుకుపోదు కూడా. అది సున్నాకు చేరితే వ్యాకోచం నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. సున్నాను దాటి రుణాత్మకమైతేనే వెనక్కి తిరిగే ప్రసక్తి వస్తుంది. అంత దూరం చెప్పే శక్తి నేటి కొలతలకు లేదు.

మరోవైపు శాండేజ్ చెప్పిన మొదటి సంఖ్య కూడా ఇంకా పూర్తిగా తేలలేదు. నేపథ్య వికిరణం నుంచి లెక్కిస్తే వ్యాకోచ రేటు మెగాపార్సెక్‌కు సెకనుకు దాదాపు 67 కిలోమీటర్లు, సెఫీడ్‌లు, సూపర్నోవాల మెట్ల మీదుగా కొలిస్తే 73 వస్తోంది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ సెఫీడ్‌లను మళ్లీ చూసినా ఆ తేడా తొలగలేదు. బాడే కాలంలో లాగా కొలతలో దాగిన పొరపాటు బయటపడుతుందా, లేక సిద్ధాంతమే మారాలా అన్నది నేటి విశ్వశాస్త్రంలో అన్నిటికన్నా వేడిగా సాగుతున్న చర్చ.

ఇలాంటి ఓపికతో కూడిన కొలతల పని తెలంగాణ నేలకు కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో నెలకొల్పిన నిజామియా వేధశాల, అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం తనకు కేటాయించిన ఆకాశ భాగాల్లో ఏడు లక్షలకు పైగా తారల స్థానాలను నమోదు చేసింది. ఉత్తర తెలంగాణకు ఇప్పుడు మరో కొలత మరింత దగ్గరగా రాబోతోంది. బాసర దాటి పడమరకు వెళితే నాందేడ్ జిల్లా, దాని పక్కదే హింగోలి. అక్కడ నాలుగేసి కిలోమీటర్ల రెండు భుజాలతో నిర్మించే గురుత్వ తరంగాల శోధకం లైగో ఇండియాకు 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. స్థలకాలంలో పుట్టే అలలైన గురుత్వ తరంగాల ప్రత్యేకత ఏమిటంటే, రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు వచ్చే తరంగమే, ఏ సెఫీడ్ సాయమూ లేకుండా, తన దూరాన్ని తాను చెబుతుంది. 2017 ఆగస్టు 17న 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి అందిన అలాంటి తరంగంతో లెక్కించిన వ్యాకోచ రేటు 70 దగ్గర వచ్చింది, కానీ అందులోని అనిశ్చితి 67నూ 73నూ రెండింటినీ కలుపుకునేంత పెద్దది. ఒక్క ఘటనతో తేలని ఆ తగవు అలాంటివి పదుల సంఖ్యలో దొరికితే తేలుతుంది. తరంగం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో కచ్చితంగా గుర్తించి, అది పుట్టిన గెలాక్సీని పట్టుకోవడానికి భూగోళం మీద దూరదూరంగా మరిన్ని శోధకాలు అవసరం, హింగోలిలో కడుతున్నది అందుకే.