ఆయిలర్ తేల్చేసిన 2147483647

మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. కోడింగ్ చేసేవాళ్ళకి ఈ నంబర్ స్క్రీన్ మీద కనిపించిందంటే ఎక్కడో తేడా కొట్టిందనే డౌటొస్తుంది, ఎందుకంటే 32 బిట్ల (0 గానీ 1 గానీ పట్టే గళ్ళ) ఇంటీజర్‌లో, అంటే కంప్యూటర్ దాచుకునే పూర్ణాంకంలో, ఒక బిట్ ప్లస్సా మైనస్సా చెప్పడానికే పోతుంది, మిగతా 31 బిట్లూ ఒకట్లతో నిండితే వచ్చేది ఇదే, 2 పవర్ 31 మైనస్ 1. ఇంకొక్కటి కలిపామా, చాలా సిస్టమ్స్‌లో మైనస్ 2147483648 అయిపోతుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కెట్టుకునే పాత 32 బిట్ సిస్టమ్స్‌కి 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం పొద్దున 8:44:07కి ఆ లెక్క నిండిపోతుంది, తర్వాతి సెకన్‌కి వాటి తేదీ 1901లో ఉంటుంది.

ఇదంతా చాలామంది వినే ఉంటారు. నాకు ఇంతకంటే నచ్చేది ఇది ప్రైమ్ నంబర్ అవడం, అదీ కాలిక్యులేటర్ లేని రోజుల్లో తేలడం. 1772 నాటి లెటర్‌లో ఆయిలర్ అనే స్విస్ లెక్కలాయన ఈ సంగతి చెప్పాడు, అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది.

మామూలుగా అయితే 46340 దాకా ఉన్న ప్రైమ్స్ అన్నిటితో భాగించి చూడాలి, అవి 4700 పైనే. ఆయిలర్ అంత పని పెట్టుకోలేదు. ఏదైనా ప్రైమ్ దీన్ని శేషం లేకుండా భాగించాలంటే, ఆ ప్రైమ్‌లోంచి ఒకటి తీసేస్తే 62 ఎక్కంలో పోవాలి (ఫెర్మా సిద్ధాంతం పుణ్యమా అని), పైగా దాన్ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. రెండు షరతులూ కలిపితే, 248తో భాగిస్తే 1 లేదా 63 మిగిలేవే పనికొస్తాయి. 63 ప్రైమ్ కాదు. 249 మూడో ఎక్కంలో పోతుంది. 311 ప్రైమే, భాగిస్తే శేషం 35, కాబట్టి అదీ కాదు. ఆ తర్వాత 497, 559, 745 అంటూ ఒక్కటీ ప్రైమ్ తగలదు, నేరుగా 1303 దగ్గరికే, శేషం 226. ఇలా చివరిదాకా పోయినా చూడాల్సిన ప్రైమ్స్ వంద కూడా ఉండవు!

దీన్ని 2 పవర్ 30తో గుణిస్తే 2305843008139952128, ఇది పర్ఫెక్ట్ నంబర్, అంటే తనని వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్ళీ తనే వస్తుంది. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీష్ లెక్కలాయన ఇంతకంటే పెద్ద పర్ఫెక్ట్ నంబర్ ఎవరూ కనుక్కోరు, ఇవి వింతే గానీ పనికొచ్చేవి కావు, ఎవరు వెతుకుతారు అని రాసేశాడు. 1876లో లూకాస్ అనే ఫ్రెంచ్ లెక్కలాయన 2 పవర్ 127 మైనస్ 1 కూడా ప్రైమేనని తేల్చి (దాన్ని 2 పవర్ 126తో గుణిస్తే ఇంకా పెద్ద పర్ఫెక్ట్ నంబర్ వస్తుంది) ఆ మాట ఎత్తగొట్టాడు.

పనికిరాదన్న మాటా నిలబడలేదు. 1తో మొదలెట్టి ప్రతిసారీ 16807తో గుణించి, 2147483647తో భాగించి, శేషం మాత్రం ఉంచుకోండి. 16807, 282475249, 1622650073 ఇలా గందరగోళంగా వస్తూనే ఉంటాయి, 1 నుంచి 2147483646 దాకా ప్రతి నంబరూ సరిగ్గా ఒక్కసారే వచ్చాక గానీ మళ్ళీ 1 రాదు. భాగించేది ప్రైమ్ కాకపోతే ఇది కుదరదు. రాండమ్‌గా కనిపించే నంబర్లు పుట్టించడానికి సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో ఈ పద్ధతి ఇప్పటికీ రెడీమేడ్‌గా ఉంది, గేములకీ చిన్నాచితకా సిమ్యులేషన్లకీ ఓకే, ఓటీపీలకి మాత్రం వాడకండి, ఒక్క నంబర్ దొరికితే చాలు తర్వాతదేంటో ఎవడైనా లెక్కేసేస్తాడు.