గిల్‌క్రిస్ట్: భారత్ నుంచి పంపేశారు, హైదరాబాద్‌కు రప్పించారు

1962-63 రంజీ సీజన్‌లో హైదరాబాద్ జట్టు తరఫున జమైకా ఫాస్ట్ బౌలర్ రాయ్ గిల్‌క్రిస్ట్ బరిలోకి దిగాడు. అంతకు కొన్ని నెలల ముందే, వెస్టిండీస్ పర్యటనలో, బార్బడోస్‌లో అక్కడి ఫాస్ట్ బౌలర్ గ్రిఫిత్ వేసిన బంతి తగిలి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. ఆ పర్యటనలో టెస్టు సిరీస్‌ను భారత్ 0-5తో పోగొట్టుకుంది. నిజమైన వేగాన్ని మన బ్యాటర్లకు అలవాటు చేయాలని భారత బోర్డు నలుగురు కరీబియన్ పేసర్లను పిలిపించింది. గిల్‌క్రిస్ట్ హైదరాబాద్‌కు, స్టేయర్స్ బొంబాయికి, లెస్టర్ కింగ్ బెంగాల్‌కు, చెస్టర్ వాట్సన్ ఢిల్లీకి ఆడారు.

అప్పటికి గిల్‌క్రిస్ట్ వయసు 28. ఫాస్ట్ బౌలర్‌కు అది మంచి అదను. అయినా వెస్టిండీస్ జట్టు తలుపులు అతడికి మూసుకుపోయి మూడేళ్లు దాటింది.

1934లో జమైకాలోని సెయింట్ థామస్ ప్రాంతంలో ఉన్న సీఫోర్త్‌లో, చెరకు తోటల మధ్య పుట్టాడు. పెద్ద పొడగరి కాకపోయినా పొడవాటి చేతులతో భయంకరమైన వేగం రాబట్టేవాడు. 1957లో ఇంగ్లండ్‌పై టెస్టుల్లో అడుగుపెట్టాడు. 1958-59 భారత పర్యటనలో నాలుగు టెస్టుల్లోనే 26 వికెట్లు తీశాడు. కలకత్తాలో రెండో ఇన్నింగ్స్‌లో 55 పరుగులకు 6 వికెట్లు పడగొట్టగా, వెస్టిండీస్ ఇన్నింగ్స్ 336 పరుగులతో గెలిచింది. అదే పర్యటనలో మరో ఫాస్ట్ బౌలర్ వెస్ హాల్ టెస్టు ప్రయాణం మొదలైంది. ఆ జంట కలిసి ఇంకో నాలుగేళ్లు బౌలింగ్ చేసి ఉంటే ఎలా ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

టెస్టు సిరీస్ ముగిశాక అమృత్‌సర్‌లో నార్త్ జోన్‌తో మ్యాచ్ జరిగింది. క్రీజులో స్వరణ్‌జీత్ సింగ్ ఉన్నాడు. గిల్‌క్రిస్ట్ పిచ్‌పై పడకుండా నేరుగా తలకు గురిపెట్టిన బంతులు, అంటే బీమర్లు విసిరాడు. ఆపమని కెప్టెన్ జెర్రీ అలెగ్జాండర్ చెప్పినా వినలేదు. అలెగ్జాండర్ అతడిని మ్యాచ్ నుంచి తప్పించి స్వదేశానికి పంపేశాడు. మిగతా జట్టు అతడు లేకుండానే పాకిస్థాన్ వెళ్లింది.

అలెగ్జాండర్, స్వరణ్‌జీత్ ఇద్దరూ కేంబ్రిడ్జ్‌లో చదివినవారే. 1960లో ఫ్రాంక్ వోరెల్‌ను నియమించేదాకా, ఒక సిరీస్ మొత్తానికి నల్లజాతి ఆటగాడిని వెస్టిండీస్ కెప్టెన్ చేయలేదు. అందుకే ఈ గొడవలో వర్గం, వర్ణం కూడా ఉన్నాయని వాదించేవారున్నారు. ఆ వాదనను కొట్టిపారేయలేం. కానీ హెల్మెట్లు లేని రోజుల్లో బీమర్ అంటే ప్రాణాలతో చెలగాటం. ఆ రోజు కెప్టెన్ చేసింది సరైన పనే. తప్పు ఆ తర్వాత వెస్టిండీస్ బోర్డుది. పర్యటన నుంచి పంపేయడం ఒక శిక్ష, జీవితాంతం దూరం పెట్టడం వేరు. ఆస్ట్రేలియా పర్యటనకు అతడిని తీసుకోవాలని స్వయంగా వోరెల్ అడిగినా బోర్డు ఒప్పుకోలేదు. 13 టెస్టులు, 57 వికెట్ల దగ్గర అతడి లెక్క ఆగిపోయింది.

ఇక పొట్టపోసుకోవడానికి లాంకషైర్ లీగ్ క్రికెట్టే దిక్కయింది. వారాంతాల్లో ఆడే ఆ క్లబ్బులు డబ్బిచ్చి ఒక విదేశీ ఆటగాడిని పెట్టుకునేవి. అక్కడి బ్యాటర్లకు అతడు చాలా ఏళ్లు సింహస్వప్నమయ్యాడు. అయితే 1967లో భార్యపై దాడి కేసులో ఇంగ్లండ్ కోర్టు అతడిని దోషిగా తేల్చింది. బోర్డు చేసిన అన్యాయం గురించి రాసేటప్పుడు ఈ మాట దాచిపెట్టడం ఆమెకు అన్యాయం చేయడమే. గిల్‌క్రిస్ట్ 2001లో జమైకాలో కన్నుమూశాడు.