‘పాట ఖాళీగా ఉంది’: పియానో బ్యాలడ్‌లపై అపోహలు - వాస్తవాలు

హుషారు పాటలతో పేరు తెచ్చుకున్న గాయకులెవరైనా ఒక్క పియానో పెట్టుకుని, తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు ఓ పాట వదిలారంటే ఆ రాత్రి నా ఫోన్ మోగుతుంది. మిక్సింగ్ నా పని, అంటే విడివిడిగా రికార్డ్ చేసిన గొంతునూ వాయిద్యాలనూ సరిపాళ్లలో కలపడం. ఆ పాటతో నాకేం సంబంధం లేకపోయినా "అన్నా, ఇది ఫైనల్ మిక్సేనా?" అని అడుగుతారు. సగం మంది ఏడ్చామంటారు, సగం మంది నిద్రొచ్చిందంటారు. వీళ్లిద్దరి మీదా నాకు కోపం లేదు. కోపమంతా ఈ రెండు గుంపుల మధ్య పుట్టుకొచ్చే కథల మీదే.

అపోహ: వాయిద్యాలు లేవంటే పాట పూర్తికాలేదు. డెమోనే వదిలేశారు.

ముందు దీని సంగతి చూడాలి. దీనివల్ల పాడైనన్ని పాటలు ఇంక దేనివల్లా పాడవడం నేను చూడలేదు.

డెమో అంటే పాట ఎలా ఉంటుందో చూసుకోడానికి చేసే చిత్తు రికార్డింగ్. అందులో "ఇక్కడ తర్వాత వయొలిన్లు వస్తాయి" అనుకుంటూ జాగా వదిలి వాయిస్తారు. పియానో శ్రుతి కాస్త అటూ ఇటూ ఉన్నా పట్టించుకోరు. పూర్తయిన పాటలో కూడా జాగా ఉంటుంది కానీ అది ఎవరి కోసమూ ఎదురుచూడదు. అంతే తేడా. చెవికి మాత్రం చాలా పెద్ద తేడా.

డ్రమ్స్, బాస్, గిటార్లు నిండిన పాటలో ఒక శబ్దం ఇంకోదాన్ని కప్పేస్తుంది. మాటల చివర శ్రుతి కొంచెం జారినా డ్రమ్స్‌లోని తాళాల (సింబల్) మోత కింద పోతుంది. పియానో ఒక్కటే ఉన్నప్పుడు దాక్కోడానికి చోటుండదు. పెడల్ వదిలినప్పటి దబ్బుమనే చప్పుడు, స్టూల్ కిర్రుమనడం, చరణం ఎత్తుకునే ముందు పీల్చిన ఊపిరి, అన్నీ బయటికొస్తాయి. ఏది ఉంచాలో ఏది తీయాలో ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి. ఊపిరులన్నీ కోసేస్తే పాడే మనిషే మాయమవుతారు. అన్నీ ఉంచేస్తే హెడ్‌ఫోన్స్‌లో ఎవరో మెడ వెనక నిలబడినట్టుంటుంది. నలభై ట్రాకుల పాటను రెండు రోజుల్లో ముగించిన నేనే, పియానో పాటతో వారం కుస్తీ పట్టిన సందర్భాలున్నాయి.

ఇంకో సంగతి. పియానో మెట్టు నొక్కాక తీగ మోత తగ్గుతూనే పోతుంది. వయొలిన్‌లాగా, హార్మోనియంలాగా దాన్ని పట్టి నిలపలేం. పాడేవాళ్లు ఒక మాటను సాగదీస్తుంటే కింద పియానో ఆరిపోతూ ఉంటుంది. చివరికి ఆ మాట ఒక్కటే గాల్లో మిగులుతుంది. ఇలాంటి పాటలకు బలం అక్కడే ఉంది. దాని కింద ఒక ప్యాడ్, అంటే ఆగకుండా సాగే మెత్తటి కీబోర్డ్ శబ్దం, పరిచామనుకోండి, చెవికి హాయిగానే ఉంటుంది. కానీ ఆ మాట ఇక ఒంటరిది కాదు.

"పియానో మూగగా ఉంది, రికార్డింగ్ బాలేదు" అనేవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు. చాలా అప్‌రైట్ (గోడకు ఆనించి నిలబెట్టే) పియానోల్లో మధ్య పెడల్ తొక్కితే సుత్తులకూ తీగలకూ మధ్యకు పలుచటి ఫెల్ట్ పట్టీ దిగుతుంది. పక్కింటివాళ్లకు ఇబ్బంది లేకుండా సాధన చేసుకోడానికి పెట్టిన ఏర్పాటు అది. ఆ మెత్తదనం కోసమే దాన్ని రికార్డింగుల్లో వాడుతున్నారు. కావాలని చేసిందే తప్ప పొరపాటు కాదు.

కొన్నేళ్ల కిందట ఒక కొత్త గాయని పాట చేశాను. పియానో, గొంతు, అంతే. తాళం కోసం చెవిలో టిక్‌టిక్‌మనే క్లిక్ పెట్టుకోకుండా, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ వాయించి పాడారు. రెండో చరణంలో ఆమె ఒక మాట దగ్గర ఆగి, ఒకటిన్నర సెకను తర్వాత తర్వాతి మాట అందుకునేది. మిక్స్ ముగిశాక ముప్పై సెకన్ల టీజర్ పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే కళ్లు వాచిపోయి వచ్చింది. "సార్, అందరూ ఖాళీగా ఉందంటున్నారు."

అందరూ అంటే ఎంతమందమ్మా అని అడిగాను. ఫోన్ తీసి చూపించింది. పదకొండు మంది. వాళ్ల మధ్యే ఇంకో నలుగురు బాగుందని రాశారు, అవి ఆమె కంటికి ఆనలేదు.

నేను చెప్పాల్సినంత గట్టిగా చెప్పలేదు. స్ట్రింగ్స్ వేశాం. ఒకే తాళాన్ని తిరిగితిరిగి మోగించే మెత్తటి డ్రమ్ లూప్ ఒకటి పెట్టాం. లూప్‌కు కుదరాలి కాబట్టి ఆ ఒకటిన్నర సెకను ఆగడాన్ని నా చేత్తోనే కోసేశాను. పాట వచ్చింది. ఖాళీగా ఉందని ఎవరూ అనలేదు. అసలు ఎవరూ ఏమీ అనలేదు. పాత మిక్స్ ఇప్పటికీ నా హార్డ్ డిస్క్‌లో ఉంది. అప్పుడప్పుడు వింటే ఆ ఆగే చోట నాకు తెలియకుండానే ఊపిరి బిగబడతాను.

అందుకే ఇప్పుడు ఇలాంటి టెన్షన్‌తో ఎవరొచ్చినా ముందు ఫైల్ ముట్టుకోను. వారం ఆగమంటాను. తర్వాత పియానో తీసేసి గొంతు ఒక్కటే వినిపిస్తాను. అలా విన్నప్పుడు పాట నిలబడితే దానికి ఇంకేం అక్కర్లేదు. నిలబడకపోతే ముప్పై వయొలిన్లు తెచ్చినా నిలబెట్టలేవు. అవును, నిజంగా నిలబడనివీ ఉంటాయి. అవే నాలుగు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) తిప్పితిప్పి వాయించి, దానికి లోతు అని పేరు పెట్టే బద్ధకపు పాటలు నా దగ్గరికీ వస్తాయి. వాటికి విసుక్కున్న అభిమానిని నేను తప్పుపట్టను.

అపోహ: ఇలాంటివి హిట్ కావు.

2011లో బ్రిటిష్ గాయని అడెల్ పాడిన ‘సమ్‌వన్ లైక్ యూ’లో పియానో, గొంతు తప్ప ఇంకేం లేవు. బ్రిటన్‌లో, అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఇక దీని గురించి వాదన ఎందుకు?

అపోహ: సౌండ్ సరిగా లేదు, మాస్టరింగ్ (మిక్స్ అయ్యాక చేసే చివరి మెరుగు) చెడగొట్టారు.

అభిమానులు రెండుగా చీలడానికి సగం కారణం ఇక్కడుందని నా అనుమానం. ఇద్దరూ ఒకే పాట విన్నామనుకుంటారు, కానీ వినలేదు. పియానో మధ్యలో ఉండే ‘సి’ స్వరం సుమారు 262 హెర్ట్జ్. ఎడమచేయి తిరిగేదంతా దాని కింద, 65, 130 హెర్ట్జ్ ప్రాంతంలో. ఫోన్ స్పీకర్ ఆ లోతుకు దిగలేదు. ఆ స్వరంతోపాటే పైన పలికే సన్నటి ధ్వనులను (హార్మోనిక్స్) బట్టి ఏ స్వరమో మెదడు పోల్చుకుంటుంది గానీ, దాని బరువు మాత్రం రాదు. వేరే పాటల్లో డ్రమ్స్, గిటార్లు ఆ లోటు తెలియనివ్వవు. ఇక్కడ ఎడమచేయి పోతే పాటలో సగం పోయినట్టే. ఒకరు హెడ్‌ఫోన్స్‌లో అర్ధరాత్రి విన్నారు, ఇంకొకరు నడిరోడ్డు మీద ఫోన్‌లో విన్నారు. ఇక కొట్టుకోక ఏం చేస్తారు!

"మొదట్లో వినపడట్లేదు" అనే ఫిర్యాదు కూడా ఉంది. అది మెల్లగా మొదలైతేనే చివర్లో పెరిగినట్టు తెలుస్తుంది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో వాయిద్యాలు తయారుచేసే క్రిస్టోఫొరి ఈ వాయిద్యం చేసిందే వేలి ఒత్తిడిని బట్టి మెల్లగా, గట్టిగా పలకడానికి. అంతకుముందున్న మెట్ల వాయిద్యం హార్ప్సికార్డ్‌కు అది చేతకాదు. పియానోఫోర్టే అనే దాని పూర్తి పేరులోనే ఆ రెండూ ఉన్నాయి: ఇటాలియన్‌లో పియానో అంటే మెల్లగా, ఫోర్టే అంటే గట్టిగా. పాటంతటినీ అదిమి ఒకే బిగ్గరతనానికి తెస్తే ఊపిరీ, కేకా ఒకేలా వినపడతాయి.

అపోహ: ఇంత దిగులు పాట పాడారంటే ఆ మనిషికి ఏదో అయింది.

ఇలా అడిగేవాళ్ల మీద నాకు జాలి, అభిమానంతోనే అడుగుతారు. కానీ మీరు విన్న ఆ వణుకు, బహుశా పన్నెండో టేక్‌లోది. మూడు గంటలు పాడి గొంతు ఎండిపోయినప్పుడు వచ్చింది బాగుందని ఉంచి ఉంటారు. టేక్‌కూ టేక్‌కూ మధ్య అదే మనిషి పగలబడి నవ్వడం నేను చాలాసార్లు చూశాను. పాటలో ‘నేను’ అన్నవాళ్లూ పాడినవాళ్లూ ఒకరే కానక్కర్లేదు. ‘రిటైరైపోతున్నారట’, ‘మనస్పర్థలట’ లాంటి పుకార్లకు మాత్రం నా దగ్గర ఓపిక లేదు. పాట విన్నాక మీకే దిగులు ఆగకపోతే ఆ రాత్రి దగ్గరివాళ్లకు ఫోన్ చేయండి. గాయకుడికి పెట్టే మెసేజ్ ఆ పని చేయదు.

అపోహ: ఒకే టేక్‌లో పాడేశారు.

కొందరు పాడతారు. ఎక్కువమందివి నాలుగైదు టేకులు కలిపి అతికిస్తాం.

అపోహ: కీబోర్డ్ పియానో అయితే ఇట్టే తెలిసిపోతుంది.

మంచి శాంపిల్ పియానోలో ఒక్కో మెట్టునూ మెల్లగా, గట్టిగా, మధ్యస్తంగా ఎన్నో రకాలుగా కొట్టి రికార్డ్ చేసి ఉంచుతారు. చాలాసార్లు నేనే పోల్చుకోలేను. నేను మిక్స్ చేసిన ఒక పాట కింద ఒకాయన పెద్ద వ్యాసమే రాశాడు, ఆ పెడల్ చప్పుడు వింటేనే తెలుస్తోంది ఇది అసలైన పియానో అని. ఆ చప్పుడుకు సాఫ్ట్‌వేర్‌లో ఒక నాబ్ ఉంటుంది. కాస్త ఎక్కువే తిప్పాను.