"పట్టా ఉంది కదా మేడమ్, ఇంకేం భయం?": చెరువు పక్కన ప్లాట్లపై అపోహలు, వాస్తవాలు

ఈ వారంలో ఇది నాలుగో ఫోన్. "మేడమ్, మాది పట్టా ప్లాటే. రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోన్ కూడా ఇచ్చింది. ఇప్పుడేమో ఎఫ్‌టీఎల్ అంటున్నారు. పట్టా ఉన్నాక చెరువు ఎలా అవుతుంది?" ఎఫ్‌టీఎల్ అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు నిండితే నీళ్లు పరుచుకునే మేర.

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు, కుంటలు, నాలాల మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో పదమూడేళ్లుగా ఉన్నాను. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఇలాంటి ఫోన్లు బాగా పెరిగాయి. వాట్సాప్‌లో తిరిగే మాటలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఫోన్ చేసేవాళ్ల మీద మాత్రం కోపం రాదు. వాళ్లలో ఎక్కువమంది చిట్టీ ఎత్తి, పుస్తెలతాడు కుదువపెట్టి జీవితంలో ఒక్కసారే జాగా కొన్నవాళ్లు. అందుకే అందరినీ ఎక్కువగా ముంచుతున్న అపోహ గురించే ముందు రాస్తాను. మిగతావి తర్వాత చూద్దాం.

అపోహ: పట్టా భూమి అయితే అది చెరువు భూమి కాదు, ఇల్లు కట్టుకోవచ్చు.

వాస్తవం: భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న, ఆ భూమిలో ఏం చేయొచ్చన్నది వేరే ప్రశ్న. పట్టా మొదటిదానికే జవాబు చెబుతుంది. మన దగ్గర చెరువు శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో కూడా పట్టాలున్నాయి. నీళ్లు వెనక్కి పోయాక ఆ నేలలో రైతు పంట వేసుకుంటాడు, నీళ్లు వస్తే వదిలేస్తాడు. తరతరాలుగా నడుస్తున్న పద్ధతి అది. ఆ హక్కు నిజమే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ అది సాగు చేసుకునే హక్కు. అందులో మొరం పోసి, రాళ్లు పాతి, గజాల లెక్కన అమ్మితే కొన్నవాళ్లకు ఇల్లు కట్టుకునే హక్కు రాదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, మనమంతా జీవో 168 అనేవి, ఈ విషయం సూటిగా చెబుతాయి: చెరువు, కుంట, శిఖం భూముల ఎఫ్‌టీఎల్ లోపల కట్టడం కుదరదు. పట్టాకు ఒక రూలు, సర్కారీకి ఒక రూలు అని అందులో లేదు.

"మరి రిజిస్ట్రేషన్ ఎలా చేశారు?" అని వెంటనే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదయ్యేది దస్తావేజు. ఫలానావాళ్లు ఫలానావాళ్లకు ఇంతకు అమ్మారు అన్నదానికి అది రుజువు. ఆ సర్వే నంబరు ఎఫ్‌టీఎల్ గీతకు లోపలుందో బయటుందో చూడటానికి అక్కడి నుంచి ఎవరూ పొలం దగ్గరికి రారు. రిజిస్ట్రేషన్‌కు వీల్లేని భూముల నిషేధిత జాబితాలో లేదు కాబట్టి మంచిదే అనుకోవద్దు, శిఖంలోని ప్రతి పట్టా భూమీ ఆ జాబితాలో ఉండాలని లేదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా అంతే, లావాదేవీలు చూపిస్తుంది, నీళ్లను చూపించదు. బ్యాంకు చూసుకునేది తన అప్పు తిరిగొస్తుందా లేదా అన్నది. ఇక కరెంటు మీటరు, ఇంటి పన్ను రసీదు సంగతి. అనుమతి లేని ఇంటికీ పన్ను వేస్తారు. ఆ రసీదు అనుమతి కాదు.

నాలుగేళ్ల కిందట మేడ్చల్ వైపు నుంచి ఒక జంట మా ఆఫీసుకు వచ్చారు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు, ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఒక వెంచర్‌లో నూట యాభై గజాలు కొన్నారు. ప్లాస్టిక్ కవర్‌లో ఫైలు ఎంతో జాగ్రత్తగా సర్దుకొని తెచ్చారు: సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, లాయరు ఒపీనియన్, రంగుల బ్రోచర్. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెడుతుంటే నేను వెతుకుతున్నది మాత్రం కనిపించలేదు. గ్రామ నక్షా లేదు, చెరువు మ్యాపు లేదు.

మరుసటి ఆదివారం ముగ్గురం అక్కడికి వెళ్లాం. ఏప్రిల్ నెల. కనుచూపు మేర ఎండిన నేల, తెల్ల సున్నం వేసిన హద్దురాళ్లు, దూరంగా కట్ట, దాని మీద తుమ్మచెట్లు. "చూడండి మేడమ్, ఇక్కడ నీళ్లెక్కడివి?" అన్నాడాయన. వెంట తీసుకెళ్లిన గడ్డపారతో వాళ్ల ప్లాటు మూలన తవ్వించాను. రెండడుగుల దాకా ఎర్ర మొరం. దాని కింద నల్లటి ఒండ్రు, అంత ఎండలోనూ చల్లగా ఉంది. ఆవిడ ఒక పెడ్డ చేతిలోకి తీసుకొని చిదిమింది. గోరంత నత్తగుల్లలు నాలుగైదు రాలాయి. ఒక్కటి తీసి అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. "ఇది చెరువే కదా మేడమ్" అంది. నేను జవాబు చెప్పే అవసరం రాలేదు. గొర్లు మేపుతున్న ఒక తాత మా దగ్గరికి వచ్చి, కర్రతో ఇంకా వెనక్కి, రోడ్డు దిక్కు చూపించి, "మత్తడి దుంకినప్పుడు నీళ్లు గా యాపచెట్టు దాక వస్తుండె బిడ్డా" అన్నాడు. మత్తడి అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లి బయటికి పోయే గట్టు. వేపచెట్టు వాళ్ల ప్లాటుకు వందడుగులు అవతల ఉంది.

ఎఫ్‌టీఎల్‌ను తేల్చేది మత్తడే. చెరువు నిండి, నీళ్లు మత్తడి అంచుకు సమానంగా నిలిచినప్పుడు ఎంతమేర పరుచుకుంటాయో అంతా ఎఫ్‌టీఎల్. ఆ రోజు అక్కడ నీళ్లున్నాయా లేవా అన్నదానితో పనిలేదు. కొందరు రాత్రిపూట మత్తడిని ఒక అడుగు పగలగొట్టించి, తూము తెరిపించి చెరువును ఎండగడతారు. రికార్డుల్లో ఉన్న మట్టం దానితో తగ్గిపోదు. అమ్మేవాళ్లు ప్లాట్లు ఎండాకాలంలోనే ఎందుకు చూపిస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మీరు మాత్రం సెప్టెంబరు, అక్టోబరులో వెళ్లి చూడండి. ముందు కట్ట ఎక్కండి, మత్తడి దగ్గర నిలబడండి, అక్కడి నుంచి ప్లాటు దిక్కు చూడండి. తర్వాత గ్రామ నక్షాలో సర్వే నంబరు ఎక్కడుందో గుర్తించండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో గ్రామాలవారీగా చెరువుల మ్యాపులున్నాయి, వాటితో పోల్చండి. ఇరిగేషన్ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, ఉందని కాగితం చూపిస్తే అందులోని సర్వే నంబరు, చెరువు పేరు అక్షరం అక్షరం చదవండి. పక్క సర్వే నంబరుకు ఇచ్చిన ఎన్‌ఓసీని చూపించి అమ్మిన కేసులు నేనే మూడు చూశాను.

ఈ విషయం మీద ఇంతసేపు ఉండటానికి కారణముంది. ఒక ఎకరంలో మట్టి పోసి మీటరు ఎత్తు లేపితే దాదాపు 40 లక్షల లీటర్ల నీళ్లకు చోటు పోతుంది. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది వందలు. ఆ నీళ్లు మాయమైపోవు. మనవి గొలుసుకట్టు చెరువులు, ఒకదాని మత్తడి నీళ్లు కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో దానికి, చివరికి మూసీకి. మధ్యలో చోటు లేకపోతే కట్ట మీద బరువు పడుతుంది, లేదా నీళ్లు వీధుల్లోకి తిరుగుతాయి. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగినప్పుడు పాతబస్తీ వైపు కాలనీలు ఎలా మునిగాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తడిసిన పరుపులు, పిల్లల పుస్తకాలు వీధుల్లో గుట్టలు పడ్డాయి. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక మిగతావి.

"చెరువుకు కిలోమీటరు లోపు ఇళ్లన్నీ పోతాయట." ఈ పుకారు పుట్టించినవాళ్లు ఎంతమందికి నిద్ర లేకుండా చేశారో వాళ్లకే తెలియదు. జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు రాకుండా వదలాల్సిన స్థలం. అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. అంతే. కిలోమీటర్ల మాట 1996 నాటి జీవో 111 నుంచి వచ్చింది. అది ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం చుట్టూ పది కిలోమీటర్ల దాకా 84 గ్రామాలకు పెట్టిన ఆంక్ష. 2022లో దాన్ని సడలిస్తూ ప్రభుత్వం జీవో 69 ఇచ్చింది. మీ ఊరి కుంటకు దానితో ఏ సంబంధమూ లేదు.

"ఇరవై ఏళ్లుగా నీళ్లు లేవు, అది చెరువెలా అవుతుంది?" నీళ్లు ఎందుకు రాలేదో పైకి నడిచి చూడండి. చాలాసార్లు వచ్చే కాలువ మీద ఎవరో గోడ కట్టి ఉంటారు. పైగా ఇరవై ఏళ్లు రాని నీళ్లు ఒక్క రాత్రిలో రావచ్చు.

"ఎల్‌ఆర్‌ఎస్ కడితే సరిపోతుంది." ఎల్‌ఆర్‌ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం. ఎఫ్‌టీఎల్‌లోని ప్లాటుకు అది సరిపోదు. దరఖాస్తు రుసుము కట్టిన రసీదు చూసి క్రమబద్ధీకరణ అయిపోయిందని నమ్మొద్దు.

"గుర్రపుడెక్క తీసేస్తే చెరువు బాగవుతుంది." తీయాల్సిందే, దోమలు తగ్గుతాయి. కానీ డ్రైనేజీ నీళ్లు కలుస్తున్నంత కాలం అది మళ్లీ వస్తుంది, దానికి ఎరువు అదే. మేమే ఒక చెరువులో నెలన్నర పాటు ప్రతి శని, ఆదివారాలు తీశాం. మూడు నెలలకు మళ్లీ పచ్చగా కప్పేసింది. అప్పటి నుంచి ముందు మురుగు పైపు సంగతి తేల్చమని అడుగుతున్నాం. చుట్టూ వాకింగ్ ట్రాక్, మధ్యలో ఫౌంటెన్, కట్ట మీద పూలమొక్కలు కూడా ఇలాంటివే. ట్రాక్ కోసం ఎఫ్‌టీఎల్ లోపలికి మట్టి పోసి చెరువును చిన్నది చేసినచోట మాత్రం మేము గట్టిగానే అడ్డుపడతాం.

"మీలాంటి సంస్థలే మా ఇళ్లు కూలగొట్టిస్తున్నాయి." ఈ మాట మా ముఖం మీదే అన్నవాళ్లున్నారు. మాకు ఒక్క ఇటుక కదిపే అధికారం లేదు. మేము చేసేది ఆర్‌టీఐ వేయడం, పాత నక్షాలు తీయించడం, మట్టి పోస్తున్నప్పుడే ఫిర్యాదు ఇవ్వడం, వినకపోతే కోర్టుకు వెళ్లడం. మొదటి లారీ మట్టి పడ్డ రోజే ఆపితే ఎవరి ఇల్లూ పోదు. అప్పుడు ఆపకుండా, ప్లాట్లన్నీ అమ్ముడయ్యాక వస్తే అమ్మినవాడు ఎక్కడో ఉంటాడు, కొన్నవాళ్లు రోడ్డున పడతారు. అది నాకూ అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇప్పటికే చెరువు దగ్గర ఇల్లున్నవాళ్లు టెన్షన్‌తో ఎవరికో డబ్బులిచ్చి మోసపోవద్దు. "మ్యాపు మార్పిస్తా" అని వచ్చేవాళ్లను గడప దాటనివ్వకండి. మీ చెరువు ఎఫ్‌టీఎల్ హద్దుకు ఇచ్చింది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అన్నది ముందు చూడండి. ప్రాథమికమైతే అభ్యంతరం చెప్పే అవకాశం ఉంటుంది. నక్షా, పాత పహాణీలు (సాగు రికార్డులు), అనుమతి పత్రం జతచేసి, ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు కలిసి సర్వే చేయాలని రాతపూర్వకంగా అడగండి. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి. గీత తప్పుగా పడ్డ సందర్భాలూ ఉన్నాయి. అలాంటి రెండు ఇళ్ల తరఫున మా సర్వేయరే వెళ్లి కొలిచి నివేదిక రాసిచ్చాడు.

ఆ మేడ్చల్ జంట అక్కడ ఇల్లు కట్టలేదు. కట్టిన డబ్బు కోసం వెంచర్ వేసినవాళ్ల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లారు. మొన్న సెప్టెంబరులో ఆవిడ ఒక వీడియో పంపింది. మత్తడి దుంకుతోంది. సున్నం వేసిన రాళ్లలో తలలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి, వాటి మీద రెండు తెల్లకొంగలు. ఆ వీడియోను, ఆ రోజు తీసిన గుల్లల మట్టి ఫొటోలను, నక్షా కాపీని వాళ్ల లాయరుకు అందజేశాం. వాయిదా వచ్చే నెలలో ఉంది.